శంషాబాద్‌ - డల్లాస్‌: దూరమెంత? ప్రయాణం ఎన్ని గంటలు?

ఖమ్మం: అమెరికాలో ఉన్న కుమారుడికి తండ్రి మరణవార్త తెలియజేసిన ఇంట బంధువులు మొదట అడిగేది ఒక్కటే: అబ్బాయి ఎప్పటికి చేరుకుంటాడు? టికెట్టుపై ఉన్న వేళలను మాత్రమే చూసి అంత్యక్రియల సమయం నిర్ణయిస్తే పొరపాటు జరిగే ప్రమాదముంది. అవి ఏ ఊరి వేళ ఆ ఊరిదే.

తెలుగువారు అధికంగా నివసించే డల్లాస్‌కూ శంషాబాద్‌ విమానాశ్రయానికీ మధ్య అతి దగ్గరి గగన మార్గం సుమారు 14,400 కిలోమీటర్లు. గోడకు వేలాడే పటంలో ఈ దారి పడమరగా ఉన్నట్లు తోస్తుంది. గ్లోబుపై దారం లాగి చూస్తే మాత్రం అది ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల చేరువలో సాగుతుంది. రెండు నగరాలు భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపుల ఉండడమే ఇందుకు కారణం. ఇంతకన్నా దూరమైన సింగపూర్‌ - న్యూయార్క్‌ మధ్య విమానం ఎక్కడా ఆగకుండా 15,300 కిలోమీటర్లకు పైగా ఎగురుతోంది. మనవారు మాత్రం దారి మధ్యలో విమానం మారక తప్పదు.

దోహా మీదుగా వెళితే శంషాబాద్‌ నుంచి దోహాకు సుమారు 2,900, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,750 కిలోమీటర్లు. అంటే దగ్గరి దారి కంటే 1,250 కిలోమీటర్ల చుట్టు. మొదటి విమానానికి నాలుగున్నర గంటలు, రెండోదానికి 16 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఇవి నాలుగు గంటలకు, పద్నాలుగున్నర గంటలకు తగ్గుతాయి. పైభాగంలో పడమటి నుంచి తూర్పునకు వీచే బలమైన గాలులు విమానాన్ని ముందుకు నెట్టడమే దీనికి కారణం.

చిక్కంతా గడియారంతోనే. డల్లాస్‌ మన కంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ఈ తేడా పదిన్నర గంటలే. ఉదాహరణకు జూన్‌లో సోమవారం సాయంత్రం 6 గంటలకు డల్లాస్‌లో విమానమెక్కి, దోహాలో రెండు గంటలు ఆగిన వ్యక్తి శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున ఒంటిగంటకు. చూడడానికి 31 గంటలు. నిజానికి ప్రయాణం ఇరవయ్యున్నర గంటలే. ఎందుకంటే అతడు బయలుదేరేసరికి మన వద్ద మంగళవారం వేకువ నాలుగున్నర అయివుంటుంది. అందుచేత 'ఏ రోజు బయలుదేరావు' అని కాక, 'మన టైములో ఎన్నింటికి దిగుతావు' అని అడగడం మేలు.

దిగాక తనిఖీలు, సామాను తీసుకోవడం సరేసరి. ఖమ్మం చేరడానికి మరో 200 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం, నాలుగైదు గంటలు. దోహాలో రెండో విమానం తప్పితే లెక్క మొత్తం తారుమారవుతుంది. 2025 జూన్‌ 23న ఖతార్‌ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసినప్పుడు ఎందరో ప్రయాణికులు దారిలోనే చిక్కుకుపోయారు. ఫ్రీజర్‌ పెట్టె అద్దెకు మాట్లాడేవారు, దగ్గరివారికి కబురు పంపేవారు అబ్బాయి దోహాలో రెండో విమానమెక్కి ఫోన్‌ చేశాకే ముహూర్తం ఖాయం చేసుకోవడం మంచిది. అప్పటికీ ఇంటికి చేరడానికి కనీసం పది గంటలు పడుతుంది.