ఒకే సర్వర్‌లో పది మంది పనిచేస్తున్నారా? 120 రోజుల గడువు మర్చిపోవద్దు!

నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ. సరిగ్గా ఆ రోజు ఉదయం మీ ఆఫీసులో ఎవరూ సర్వర్‌లోకి లాగిన్ కాలేకపోతే? లైసెన్స్ ఇచ్చే సర్వర్ అందుబాటులో లేదన్న మెసేజ్ ఒక్కటే కనిపిస్తుంటే? నాలుగు నెలలు సాఫీగా నడిచిన రిమోట్ డెస్క్‌టాప్ ఇలా ఆగిపోయిందంటే వైరస్ వల్లే కానక్కర్లేదు. లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి ఇచ్చిన 120 రోజులు పూర్తయి ఉండొచ్చు. సర్వర్ పెట్టిన రోజే ఈ లెక్క తేల్చుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ఇద్దరికి ఉచితమే కదా?

విండోస్ సర్వర్‌లో అదనపు లైసెన్స్ లేకుండా ఒకేసారి రెండు రిమోట్ సెషన్లు తెరవొచ్చు. కానీ అవి సర్వర్ నిర్వహణ పనులకు మాత్రమే. బిల్లింగ్, అకౌంట్స్ వంటి రోజువారీ పనులకు వాడకూడదు. ఇక మామూలు విండోస్ 10, 11 ప్రో కంప్యూటర్లలో ఒకసారి ఒక్కరే పనిచేయగలరు. ఈ పరిమితిని దాటించే ప్యాచ్‌లు నెట్‌లో దొరుకుతాయి. అవి లైసెన్స్ నిబంధనలకు విరుద్ధం. పైగా విండోస్ అప్‌డేట్ వచ్చాక మొరాయిస్తుంటాయి.

ఏమేం కొనాలి?

మూడు వేర్వేరు లైసెన్సులు కావాలి. ఒకటి విండోస్ సర్వర్‌ది. రెండోది, ఆ సర్వర్‌ను వాడుకునేవారి కోసం సర్వర్ క్యాల్. మూడోది, రిమోట్ డెస్క్‌టాప్ కోసం ఆర్‌డీఎస్ క్యాల్. చాలామంది రెండోది కొని మూడోది మర్చిపోతారు. క్యాల్ అంటే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్. ఒకేసారి ఎంతమంది లాగిన్ అవుతారన్నది ఇక్కడ లెక్క కాదు. మొత్తం ఎంతమంది, లేదా ఎన్ని కంప్యూటర్లు అన్నదే లెక్క.

యూజర్‌కా, డివైజ్‌కా?

ఆర్‌డీఎస్ క్యాల్ రెండు రకాలు. ఒకే ఉద్యోగి ఆఫీసు కంప్యూటర్, ఇంట్లో ల్యాప్‌టాప్, ఫోన్ మూడింటి నుంచీ పనిచేస్తుంటే ‘పర్ యూజర్’ లాభం. 10 కంప్యూటర్లపై రెండు షిఫ్టుల్లో 20 మంది కూర్చుంటే ‘పర్ డివైజ్’ తీసుకోండి. 10 సరిపోతాయి.

ఇక్కడే చిన్న ఆఫీసులు పొరపాటు చేస్తుంటాయి. మీ దగ్గర డొమైన్ లేకుండా, కంప్యూటర్లన్నీ వర్క్‌గ్రూప్‌లోనే ఉంటే ‘పర్ యూజర్’ పనికిరాదు. సర్వర్ 2019, ఆ తర్వాతి వెర్షన్లలో గంటకోసారి సెషన్ తెగిపోతుంది. కాబట్టి ముందు ‘మనకు డొమైన్ ఉందా?’ అని మీ ఐటీ వ్యక్తిని అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

వెర్షన్ కూడా చూసుకోవాలి. సర్వర్ 2022కు 2019 క్యాల్ చెల్లదు. 2022 క్యాల్ మాత్రం 2019 సర్వర్‌కు పనికొస్తుంది.

సెటప్ ఎలా?

1. సర్వర్ మేనేజర్‌లో ‘యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్’ తెరిచి ‘రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్’, ‘రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్’ రోల్స్ ఇన్‌స్టాల్ చేయాలి. వర్క్‌గ్రూప్ అయితే ‘రోల్ బేస్డ్’ పద్ధతిలోనే చేయాలి.

2. లైసెన్సింగ్ మేనేజర్‌లో సర్వర్‌ను యాక్టివేట్ చేసి, కొన్న క్యాల్స్ వివరాలు ఎక్కించాలి.

3. గ్రూప్ పాలసీలో లైసెన్స్ సర్వర్ పేరు, లైసెన్స్ రకం రెండూ నమోదు చేయాలి. క్యాల్స్ ఎక్కించినా ఈ పని వదిలేస్తే 120 రోజుల తర్వాత లాగిన్ ఆగిపోతుంది.

4. సిబ్బందికి విడివిడిగా ఖాతాలు తెరిచి ‘రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్’ గ్రూపులో చేర్చాలి. అందరికీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు.

5. చివరగా ‘లైసెన్సింగ్ డయాగ్నోజర్’ తెరిచి చూడాలి. అందులో హెచ్చరికలేవీ లేకపోతే సెటప్ సరిగ్గా జరిగినట్టే.

ఇవీ గుర్తుంచుకోండి

రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచొద్దు. పాస్‌వర్డ్‌లు ఊహించి లోపలికి చొరబడే రాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది ఇలాంటి సర్వర్ల కోసమే. బయటి నుంచి వచ్చేవారికి వీపీఎన్ లేదా ఆర్‌డీ గేట్‌వే పెట్టించండి. ఓటీపీ వంటి రెండో తనిఖీ కూడా ఉంటే మంచిది.

ఆర్‌డీఎస్ క్యాల్ ఉన్నంత మాత్రాన సర్వర్‌లోని మిగతా సాఫ్ట్‌వేర్లకు అనుమతి వచ్చినట్టు కాదు. ఎంఎస్ ఆఫీస్, అకౌంటింగ్ ప్యాకేజీలు ఎక్కువ మంది వాడుకునేందుకు అనుమతి ఉందో లేదో విడిగా కనుక్కోండి.

ఇప్పటికే సర్వర్ పెట్టుకున్నారా? అయితే ఇంకెన్ని రోజులు మిగిలాయో ఈరోజే చూడమని మీ ఐటీ వ్యక్తికి చెప్పండి. గడువు ముగిసే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, అంతకు నెల ముందే క్యాల్స్ కొనేయండి.