గోల్ఫ్ మైదానంలో ఏ కాలానికి ఏ పని

వినాయక చవితికి మనం తెచ్చుకునే గరికే గోల్ఫ్ మైదానంలో పెరిగే గడ్డి. కన్నడంలో గరికె, తమిళంలో అరుగంపుల్, మరాఠీలో దూర్వా, ఒడియాలో దూబ. ఇంగ్లీషు పేరు బెర్ముడా. మైదానాల్లో ఎక్కువగా వేసేది దాని సంకర రకాలు. బెంగళూరులో 1876లో మొదలైన గోల్ఫ్ క్లబ్బు గోడ పక్కనుంచి ఎన్నో ఏళ్లు ఆఫీసుకు నడిచాం. లోపలి సంగతులు మాత్రం మాలి పనికి వెళ్లే మన సంఘం సభ్యులు చెప్పాకే తెలిశాయి. ఆ పనిలో చేరే పిల్లలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

బంతిని మొదట కొట్టే చోటు టీ. మధ్య పొడవాటి పచ్చిక ఫెయిర్‌వే. గుంట ఉండే చోటు గ్రీన్. ఫెయిర్‌వే గడ్డిని సుమారు 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచితే, గ్రీన్ మీద 3, 4 మిల్లీమీటర్లే. అందుకే కష్టమంతా గ్రీన్‌ది. అంత పొట్టిగా కోసిన గడ్డికి చిన్న పొరపాటు కూడా దెబ్బే. ఒక కోతలో ఆకులో మూడో వంతుకు మించి తీయకూడదన్నది అన్నిచోట్లా పాటించే లెక్క.

గరిక ఎండలో బాగా పెరుగుతుంది కాబట్టి పెద్ద పనులన్నీ వేసవిలోనే. బోలు మేకులున్న యంత్రంతో గ్రీన్ నిండా రంధ్రాలు పొడిచి, మట్టి కడ్డీలను బయటికి తీస్తారు. వేళ్లకు గాలి అందుతుంది, గట్టిపడిన నేల వదులవుతుంది. తర్వాత జల్లించిన ఇసుక చల్లి రంధ్రాల్లోకి ఊడుస్తారు. ఈ ఇసుక కింద ఉన్న ఇసుక రకమే కావాలి. చవకగా దొరికిందని వేరేది పోస్తే పొరలు కట్టి నీరు దిగదు. రెండు మూడు వారాలు గ్రీన్ చూడ్డానికి బాగుండదు, ఆటగాళ్లు విసుక్కుంటారు, మాలీలే మాటపడతారు.

వానాకాలం రాకముందే కాలువల పూడిక తీయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి. అందుకే తెల్లవారుజామునే పొడవాటి వెదురు కర్రతో ఆకుల మీది తడి రాలుస్తారు. నేల మెత్తగా ఉన్నప్పుడు బరువైన యంత్రం దించితే చక్రాల గాడులు పడతాయి. 108 మిల్లీమీటర్ల వెడల్పుండే గుంటను కూడా తరచుగా చోటు మారుస్తారు, తొక్కిడి ఒకేచోట పడకుండా.

తమిళనాడు తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కనుక అక్కడ ఈ పనులు వెనక్కి జరుగుతాయి. ఊటీలో చలికాలం పొద్దున మంచు గడ్డకట్టిన గడ్డిని తొక్కితే, కాలి గుర్తులున్నంత మేర గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండ వచ్చి మంచు కరిగేదాకా ఎవరినీ అడుగుపెట్టనివ్వకూడదు.

ఇక నీరు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. శుద్ధి చేసిన మురుగునీరు గరికకు సరిపోతుంది. కాకపోతే నేలలో ఉప్పు చేరుతుంది. అప్పుడప్పుడు నిండుగా నీరు పెట్టి ఆ ఉప్పును కిందికి కడగాలి.

మేము గట్టిగా చెప్పదలచింది మందుల గురించి. మా సభ్యుడొకరి తమ్ముడు, ఊరినుంచి కొత్తగా వచ్చినవాడు, మూతికి గుడ్డయినా లేకుండా మందు కొట్టి కళ్లు తిరిగి పడ్డాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. డబ్బా మీది ఇంగ్లీషు, కన్నడం అతనికి చదవడం రాదు. రంగు చూడటమైనా ఎవరూ నేర్పలేదు. డబ్బా మీద ఏటవాలు చతురస్రం ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అతి విషం, పసుపైతే ఎక్కువ విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చైనా చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు ఉండాల్సిందే, గాలికి ఎదురుగా కొట్టకూడదు. మేస్త్రీని అవి అడగడం తప్పు కాదు. ఆ తమ్ముడు ఇప్పుడు పనికి వెళ్తున్నాడు. మాస్కు మాత్రం సొంత డబ్బుతోనే కొనుక్కున్నాడు.