అచ్చు ఒకటే, పోత వేరు

రెండు వస్తువుల మధ్య తేడా కనిపించకపోతే ‘అచ్చు గుద్దినట్టున్నాయి’ అంటాం. ‘మూసపోత’ అన్నా అదే అర్థం, కాకపోతే అందులో కాస్త చిన్నచూపు కూడా ఉంది. ఒకే అచ్చులోంచి వచ్చినవి ఒకలాగే ఉంటాయన్న నమ్మకం భాషలోనే పాతుకుపోయింది. ఇటుకలు కోసేవాళ్లు మాత్రం ఈ నమ్మకాన్ని ఒప్పుకోరు. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుక ఆరేటప్పుడు కొంత తగ్గుతుంది, కాలేటప్పుడు ఇంకొంత తగ్గుతుంది. ఎంత తగ్గేదీ చెప్పేది అచ్చు కాదు, మట్టి. డిస్క్ గోల్ఫ్ అనే అమెరికన్ ఆట చరిత్రలో ఈ అచ్చుకూ మట్టికీ మధ్య ఉన్న తగవే నలభై ఏళ్లుగా నడుస్తోంది. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి వీలైనన్ని తక్కువ విసుర్లలో ప్లాస్టిక్ పళ్లేన్ని చేర్చడమే ఆ ఆట. అన్నిటికంటే దూరం పోయే పళ్లేలను డిస్టెన్స్ డ్రైవర్లంటారు. వాటి చరిత్ర చెప్పేవాళ్లంతా ఆకారం కథే చెబుతారు: ఫలానా ఏడాది అంచు పదునెక్కింది, ఫలానా ఏడాది చుట్టూ ఉండే మందపాటి రిమ్ వెడల్పయింది. ఆ కథలో అబద్ధమేమీ లేదు కానీ అది సగమే. మిగతా సగం అచ్చులో ఏం పోశారన్నది. ఆ సగాన్ని కలుపుకోకపోతే మొదటి సగం కూడా సరిగ్గా అర్థం కాదు.

మొదటి నుంచీ పదార్థమే అడ్డం తిరిగింది. 1930ల చివర్లో వాల్టర్ ఫ్రెడరిక్ మోరిసన్ అనే కుర్రాడు కాలిఫోర్నియా సముద్రతీరాన కేకు రేకులు విసిరి చూపించి అమ్ముకునేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపి వచ్చాక, 1948లో వారెన్ ఫ్రాన్సియోనితో కలిసి దాన్ని ప్లాస్టిక్‌లోకి మార్చాడు. ఆకారం బాగానే ఎగిరింది. ప్లాస్టిక్కే పెళుసు, గట్టి నేల మీద పడితే పగిలేది. 1955లో ఆయన ‘ప్లూటో ప్లాటర్’ అనే కొత్త పళ్లెం తెచ్చాడు. 1957లో దాన్ని కొన్న వామ్-ఓ కంపెనీ అదే ఏడాది దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టింది. ఆ బొమ్మ లక్షల ఇళ్లకు చేరిందంటే అందులో ఆకారం పాత్ర ఎంతో, కిందపడినా పగలని మెత్తటి పాలిథిలీన్ పాత్రా అంతే. ఎగరడం ఆకారం వల్ల, ఎగిరాక బతికి ఉండడం పదార్థం వల్ల అనిపిస్తుంది ఇక్కడ. ఇది కొంతవరకే నిజమని తర్వాతి కథ చెబుతుంది.

వామ్-ఓలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ పళ్లెం పైభాగాన గుండ్రటి గీతలు వేయించి దాని ఎగురుడుకు నిలకడ తెచ్చాడు. 1967లో ఆయనకు దాని మీద పేటెంట్ వచ్చింది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం వేసిందీ, గొలుసుల బుట్టను కనిపెట్టిందీ, 1976లో ఆటగాళ్ల సంఘమైన పీడీజీఏని మొదలుపెట్టిందీ ఆయనే. కానీ అప్పటి ఆటగాళ్లు విసిరినవి మొద్దు అంచు ఫ్రిస్బీలే. దాన్ని మార్చినవాడు డేవ్ డునిపేస్. 1983లో ఇన్నోవా కంపెనీ స్థాపకుల్లో ఒకడిగా ‘ఈగిల్’ అనే డిస్క్ తెచ్చాడు. దాని అంచు మొద్దుగా లేదు, ఏటవాలుగా చెక్కినట్టుంది, గాలిని తోసుకుంటూ కాకుండా కోసుకుంటూ పోతుంది. 1986లో దానికి పేటెంట్ వచ్చింది. హెడ్రిక్ పేటెంటూ, డునిపేస్ పేటెంటూ ఆకారం గురించే. పేటెంట్లను పట్టుకుని చరిత్ర రాస్తే అది ఆకారం చరిత్ర కాక ఇంకేమవుతుంది?

డునిపేస్ అంచు వచ్చిన తర్వాతి పదిహేనేళ్లను దగ్గరగా చూస్తే మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. ఆ రోజుల్లో డిస్కులన్నీ దాదాపు మెత్తటి చవక ప్లాస్టిక్‌వే. ఇన్నోవా ఈ రకాన్ని ఇప్పుడు డీఎక్స్ అంటుంది. చేతికి పట్టు బాగుంటుంది, ధర తక్కువ, చెట్టుకు తగిలితే అంచు సొట్టపోతుంది. ఏటవాలు అంచు చేసే మేలంతా ఆ సన్నటి అంచులోనే ఉంది కాబట్టి, సొట్ట పడ్డ ప్రతిసారీ డిస్కు వేరే డిస్కుగా మారుతుంది. కుడిచేత్తో వెనక నుంచి విసిరితే డిస్కు పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. వేగంగా ఉన్నప్పుడు కాస్త కుడికి ఒరుగుతుంది, వేగం తగ్గాక ఎడమకు వాలుతుంది. కుడికి ఒరగకుండా మొండిగా ఎడమకే లాగేదాన్ని ఓవర్‌స్టేబుల్ అనీ, తేలిగ్గా కుడికి తిరిగేదాన్ని అండర్‌స్టేబుల్ అనీ అంటారు. కొత్త డీఎక్స్ డిస్కు మొండిగా మొదలై, నెలలు గడిచేకొద్దీ మెత్తబడి, చివరికి కుడికే తిరిగిపోతుంది. అప్పటి ఆటగాళ్లు దీన్ని లోపంగా కాక వసతిగా వాడుకున్నారు. 1987లో వచ్చిన ‘రాక్’ అనే మధ్యదూరం డిస్కునే తీసుకోండి. కొత్తది ఒకటి, సగం అరిగింది ఒకటి, బాగా అరిగింది ఒకటి సంచిలో పెట్టుకుని మూడు రకాల విసుర్లకు వాడటం ఆ తరం అలవాటు. కొత్త చెప్పులు కరుస్తాయని తెలిసీ కొనుక్కుని, కాలికి అలవాటయ్యేదాకా ఓపిక పట్టినట్టే. అచ్చు ఒకటే, పేరు ఒకటే, ఎగురుళ్లు మూడు. ఈ మూడింటి మధ్య తేడా చేసింది మెత్తటి ప్లాస్టిక్ ఒక్కటే.

2000 సంవత్సరం చుట్టుపక్కల పాలియురేతేన్ జాతి ప్లాస్టిక్కులు వచ్చి ఈ ఏర్పాటును తలకిందులు చేశాయి. ఇన్నోవా మొదట సీఈ అని, తర్వాత ఛాంపియన్ అని పిలిచిన ప్లాస్టిక్ కొంత పారదర్శకంగా, గట్టిగా ఉండేది. డిస్‌క్రాఫ్ట్ కంపెనీ జెడ్, ఈఎస్‌పీ, స్వీడన్‌లో లాటిట్యూడ్ 64 వారి ఆప్టో, గోల్డ్, ఇన్నోవాదే స్టార్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఇవి చెట్టుకు తగిలినా గీతలు పడి ఊరుకుంటాయి, అంచు ఆకారం చాలాకాలం చెదరదు. డిస్టెన్స్ డ్రైవర్ల అసలు కాలం దీని తర్వాతే మొదలైంది. ముందుగా వాల్కిరీ, 2007లో డిస్ట్రాయర్, 2008లో బాస్: రిమ్ వెడల్పవుతూ, ముక్కు (అంచు కొస) సన్నబడుతూ పోయిన వరస ఇది. 2.2 సెంటీమీటర్ల వెడల్పు రిమ్ ఉన్న డిస్ట్రాయర్‌ను డీఎక్స్‌లోనూ చేస్తారు, ఎగురుతుంది కూడా. కానీ అంత సన్నటి ముక్కు మెత్తటి ప్లాస్టిక్‌లో నాలుగు చెట్లకు తగిలేసరికి మొద్దుబారితే, దాన్ని నమ్ముకుని పోటీ ఆడేదెవరు? వెడల్పు రిమ్ అనే ఆలోచనకు గట్టి ప్లాస్టిక్ దొరికాకే ఆ ఆకారం మైదానంలో నిలబడింది.

అవతలివైపు వాదన బలమైనదే. గాలికి రసాయనశాస్త్రం తెలీదు, దానికి తగిలేది ఉపరితలమే. డిస్కు ఎగురుడును లెక్కగట్టినవాళ్లు, ఉదాహరణకు 2003లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రిస్బీ మీద పరిశోధన చేసిన సారా హమ్మెల్, సమీకరణాల్లో పెట్టుకునేది ఆకారం, బరువు, తిరిగే వేగం, గాలితో చేసే కోణం. ప్లాస్టిక్ పేరు అందులో ఎక్కడా రాదు. బొంగరం ఆడినవాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు తోస్తే అది ఆ వైపు పడదు, పక్కకు జరుగుతుంది. గాలి డిస్కు ముందు భాగాన్ని పైకి ఎత్తబోతే డిస్కు పైకి లేవదు, ఎడమకు వాలుతుంది. ముందు భాగాన్ని కిందికి నొక్కబోతే కుడికి ఒరుగుతుంది. ఈ తోపు ఎక్కడ పడుతుందో తేల్చేది అంచు ఆకారం, పైభాగం గుబ్బ ఎత్తు. కాబట్టి ఆకారం ఒకటైతే ఎగురుడూ ఒకటే కావాలి.

ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నా వాదనకు బలం దీని నుంచే వస్తుంది, ఎందుకంటే ఆకారం అచ్చులో మొదలైనా అక్కడే ముగియదు. వేడి ప్లాస్టిక్ చల్లబడుతూ కుదించుకుపోతుంది, ఒక్కో ప్లాస్టిక్ ఒక్కో మేర. డ్రైవర్ల వ్యాసం సుమారు 21 సెంటీమీటర్లు. అందులో నూటికి ఒక వంతు తగ్గినా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. పైగా డిస్కు అంతటా ఒకేలా చల్లబడదు. మధ్యనున్న పల్చటి పలక ముందు గట్టిపడుతుంది, మందపాటి రిమ్ తర్వాత నెమ్మదిగా చల్లబడి లోపలికి బిగుసుకుంటుంది. అప్పుడు మధ్య పలక ఎటు పోతుంది? పైకి ఉబ్బుతుంది. ఎంత ఉబ్బేదీ ఏ ప్లాస్టిక్, ఏ వేడిలో పోశారు, ఎంతసేపు ఆరనిచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అచ్చు రెండు ముక్కలు కలిసేచోట రిమ్ చుట్టూ పడే సన్నటి గీతను పార్టింగ్ లైన్ అంటారు. అది నేలకు ఎంత ఎత్తున ఉందో వేలితో తడిమి చూసి డిస్కు కొనేవాళ్లున్నారు. అది ఎత్తుగా ఉంటే డిస్కు మొండిగా ఉంటుందని ఆటగాళ్ల లెక్క. ఆ ఎత్తూ ఈ కుదింపుతోనే మారుతుంది. రిమ్ ఎంత వెడల్పైతే రిమ్‌కూ పలకకూ మధ్య ఈ పెనుగులాట అంత ఎక్కువ. దగ్గరి విసుర్లకు వాడే పటర్ల కంటే డిస్టెన్స్ డ్రైవర్ల విషయంలోనే ప్లాస్టిక్ గొడవ ఇంతగా వినిపించడానికి ఇదొక కారణం. రెండో కారణం వేగం: మెల్లగా పోయే డిస్కులో కనిపించని తేడా గట్టి విసురులో పది గజాల తేడాగా బయటపడుతుంది.

ఇన్నోవా ప్లాస్టిక్కుల విషయంలో దీని ఫలితాలను ఆటగాళ్లు స్థూలంగా ఒక వరసలో చెబుతారు. ఛాంపియన్ మొండిది, విసురు చివర ఎడమకు గట్టిగా లాగుతుంది. స్టార్ కొంచెం మెత్తన, చేతికి పట్టు ఎక్కువ, గాలిలో ఎక్కువసేపు తేలుతుంది. ప్రో ఇంకా మెత్తన. డీఎక్స్ కొత్తలో బాగానే ఉండి త్వరగా అరుగుతుంది. చలిదేశాల్లో వేళ్లు కొంకర్లు పోయేవాళ్లకు పనికొచ్చే సాగుడు జీస్టార్ తేలిగ్గా కుడికి తిరుగుతుంది. కానీ ఇన్నోవా అన్ని ప్లాస్టిక్కుల డిస్ట్రాయర్లకూ ఒకే అంకెలు ఇస్తుంది: వేగం 12, తేలుడు 5, ఒరుగుడు -1, వాలుడు 3. మోసం అనలేం, అచ్చుకు అవి సగటు అంకెలు. కొనేవాడు మాత్రం అచ్చును కొనడం లేదు, అందులోంచి వచ్చిన ఒక పోతను కొంటున్నాడు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్లాస్టిక్కుల మధ్య తేడా కంటే ఒకే ప్లాస్టిక్‌లో రెండు విడతల మధ్య తేడానే ఎక్కువ ఉండొచ్చు. ఒక విడత స్టార్ డిస్కులు చదునుగా, మొండిగా వచ్చి, మరో విడత ఛాంపియన్‌వి గుబ్బగా, మెతగ్గా వస్తే పైన చెప్పిన వరస తిరగబడుతుంది. తిరగబడిన సందర్భాలు ఉన్నాయి కూడా. పైగా మనిషి చెయ్యి యంత్రం కాదు, మెరిసే ఛాంపియన్ మొండిదని ముందే నమ్మినవాడు దాన్ని అలాగే విసురుతాడు. నిజమే. కాబట్టి డిస్కు మీది ప్లాస్టిక్ పేరును జాతకంలా చదవడం పొరపాటు. అయితే ఈ అభ్యంతరం అచ్చు పేరునూ విడిచిపెట్టదు. ఒకే అచ్చు విడతకో రకంగా వస్తుందంటే ఎగురుడును తేల్చేది చల్లబడే పద్ధతేనని ఒప్పుకున్నట్టే. ఇక అరుగుదల సంగతికి విడతల వాదన వర్తించదు. అది దైవికంగా అటూ ఇటూ ఊగే తేడా కాదు, దాదాపు ఎప్పుడూ ఒకే దిశలో, మొండితనం నుంచి మెతకదనానికే పోతుంది. ఎంత త్వరగా పోయేదీ ప్లాస్టిక్ చేతిలోనే ఉంది.

బరువు సంగతి చూస్తే ఆకారవాదానికి చోటు ఇంకా తగ్గుతుంది. పీడీజీఏ నిబంధన ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కు లెక్కవేస్తే 175 గ్రాములు. దుకాణాల్లో 175 అనే అంకె అంత తరచుగా కనిపించడానికి ఇదే కారణం. అచ్చులో పట్టే ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి, బరువు తగ్గాలంటే పోసే పదార్థమే తేలికపడాలి. పాలియురేతేన్ పాలిథిలీన్ కంటే సాంద్రమైంది. వెడల్పు రిమ్ నిండా దాన్ని పోస్తే బరువైన డిస్కే వస్తుంది. చేతిలో అంత బలం లేనివాళ్లకు, పిల్లలకు, కొత్తవాళ్లకు వెడల్పు రిమ్ డ్రైవర్లు దక్కకుండా పోయింది ఈ కారణం వల్లే. 2011లో ఇన్నోవా బ్లిజార్డ్ అనే ప్లాస్టిక్‌లోకి సన్నటి గాలిబుడగలు చేర్చి ఆ చిక్కు విప్పింది. బాస్ ఆకారం అదే, లోపల బుడగలు, బరువు బాగా తక్కువ. 2002లో క్రిస్టియన్ శాండ్‌స్ట్రోమ్ వాల్కిరీతో 250 మీటర్లు విసిరి రికార్డు పెట్టాడు. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరాడు, ఆ డిస్కు బ్లిజార్డ్ ప్లాస్టిక్ బాస్. ఆ 88 మీటర్లూ ప్లాస్టిక్ ఖాతాలో వేస్తే అన్యాయమే. ఈ రికార్డులు ఎడారిలో వెనక గాలి చూసుకుని పెట్టేవి, చెయ్యి కూడా మామూలు చెయ్యి కాదు. వెనక గాలిలో చాలాసేపు తేలడానికి తేలిక డిస్కు అనువైనదన్నంతవరకే ఇక్కడ సాక్ష్యం.

అయినా ఆట లెక్కల పుస్తకం ఇప్పటికీ ఆకారం పక్షమే. పీడీజీఏ ఆమోదించిన డిస్కుల పట్టికలో ప్రతి నమూనాకు తయారీదారు పేరు, గరిష్ఠ బరువు, వ్యాసం, ఎత్తు, రిమ్ లోతు, రిమ్ మందం అన్నిటికీ గడులున్నాయి. రిమ్ వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటకూడదన్న హద్దూ ఉంది. ప్లాస్టిక్‌కు గడి లేదు. పక్కదారిన వచ్చి చేరిన గడి మాత్రం ఒకటుంది: వంగుడు. డిస్కును తూకం మీద అంచుతో నిలబెట్టి పైనుంచి నొక్కి, వంగడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. 12.25 కిలోలు దాటితే ఆ డిస్కు పోటీకి పనికిరాదు.