మొర వినే ఉపగ్రహాలు: సముద్రపు ఆపద బీకన్ల చరిత్ర

ఆపదలో ఉన్న నౌక మొరపెట్టుకోగలగడం ఎంత ముఖ్యమో, దాన్ని వినే బాధ్యత ఒకరిపై ఉండటమూ అంతే ముఖ్యమని 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునక రుజువు చేసింది. దగ్గరలోనే ఉన్న కాలిఫోర్నియన్ నౌకలోని ఏకైక వైర్‌లెస్ ఆపరేటర్ అప్పటికే నిద్రకు ఉపక్రమించినందున ఆ రాత్రి సంకేతాలు అక్కడ ఎవరికీ అందలేదు. ఆ అనుభవం నుంచే సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన తొలి అంతర్జాతీయ ఒప్పందం, అంటే సోలాస్, 1914లో రూపొందింది.

మనిషి మాట్లాడనవసరం లేకుండా బ్యాటరీ శక్తితో రేడియో సంకేతాన్ని తనంతట తానే ప్రసారం చేసే పరికరమే ఆపద బీకన్. 121.5 మెగాహెర్ట్జ్‌పై పనిచేసిన తొలి బీకన్ల పిలుపు, ఆ దారిన వెళ్లే విమానం ఏదైనా వింటేనే ఫలించేది. ఉపగ్రహం దగ్గరవుతున్నప్పుడు సంకేతపు ఫ్రీక్వెన్సీ హెచ్చుగానూ, దూరమవుతున్నప్పుడు తక్కువగానూ అందుతుందన్న డాప్లర్ సూత్రం ఆధారంగా బీకన్ ఉన్న చోటును లెక్కగట్టవచ్చని తేలాక ఈ పరిస్థితి మారింది. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్నా అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ 1979లో చేతులు కలిపి కోస్పాస్-సార్‌శాట్ వ్యవస్థకు పునాది వేశాయి. 1982 జూన్ 30న తొలి ఉపగ్రహం కక్ష్యలోకి చేరగా, అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురు దాని సాయంతో ప్రాణాలతో బయటపడ్డారు.

తరువాత వచ్చిన 406 మెగాహెర్ట్జ్ డిజిటల్ బీకన్ తన గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది కనుక, మొర ఏ నౌకదో తీరంలోని కేంద్రానికి వెంటనే తెలుస్తుంది. నౌక మునిగితే నీటి ఒత్తిడికి బంధం విడి, పైకి తేలి, దానంతటదే పనిచేసే ఇలాంటి బీకన్ 1993 ఆగస్టు నుంచి సోలాస్ పరిధిలోని నౌకలకు తప్పనిసరి అయింది, పాత 121.5 సంకేతాలను ఉపగ్రహాలు స్వీకరించడం 2009 ఫిబ్రవరిలో నిలిచిపోయింది.

అయితే చేపల పడవలు ఈ నిబంధన పరిధిలోకి రావు. ఆ లోటు తీర్చేందుకు ఇస్రో రూపొందించిన ఆపద సమాచార ప్రసారిణి, అంటే డాట్, 2010 నుంచి భారతీయ మత్స్యకారులకు అందుబాటులోకి వచ్చింది. పడవ నుంచి వెలువడిన సందేశం ఉపగ్రహం ద్వారా కేంద్రానికి చేరి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి వెళ్తుంది. 2024లో వెలువడిన రెండో తరం పరికరం, మొర అందిందన్న సమాధానాన్ని సైతం పడవకు తిరిగి చేరవేస్తుంది. పెద్ద నౌకలకు 1993లో దక్కిన రక్షణ వంటిది భారతీయ మరపడవల దాకా రావడానికి పదిహేడేళ్లు పట్టింది. అందుకు కారణం సాంకేతిక లోపం కాదు, ఎవరి మొర వినాలన్న నిర్ణయం పెద్ద నౌకల వద్దే ఆగిపోవడం.