ఘర్షణ తరువాత సహాయం: కాగితం ఎవరి పేరున?

ప్రవేశిక

ఘర్షణ ముగిశాక పింఛను, ఉద్యోగం, అప్పు వంటి రూపాల్లో సహాయం వస్తుంది. అది ఇంటికి వచ్చినంత మాత్రాన ఇంట్లోని స్త్రీకి చేరినట్లు కాదు. ఈ భాగంలో తెలంగాణ చరిత్ర నుంచి మూడు ఉదాహరణలు తెలుసుకుంటారు. ప్రతి ఉదాహరణ దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: కాగితం ఎవరి పేరున ఉంది?

1. పింఛను

1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. దళాల్లో తిరిగిన స్త్రీలు చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోవలసి వచ్చింది. వారి అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించింది. కేంద్రం 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ప్రారంభించింది. తరువాత జైలు కాలం నిబంధనను పురుషులకు ఆరు నెలలుగా ఉంచి, స్త్రీలకు మూడు నెలలకు తగ్గించింది. అయితే జైలుకో, వారంటుకో రుజువు చూపాలి. ఉత్తరాలు మోసి, అన్నం పెట్టి, మనుషులను దాచిన స్త్రీ పేరున వారంటు ఎందుకుంటుంది? సేవ చేసినా సాక్ష్యం లేదు.

2. బాయి ఉద్యోగం

గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల ప్రాంతాల్లో సింగరేణి ఉద్యోగమే కుటుంబానికి ఆధారం. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) ఏర్పడింది. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం వచ్చింది. ఆ రెండు దశాబ్దాల ఘర్షణ ఈ బస్తీల మీదుగానే నడిచింది. మనిషిని కోల్పోయిన ఇంటికి ముందు కావలసింది నెలజీతం. కానీ 1952 గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలో పనిచేయనివ్వలేదు. కార్మికుని భార్యకు వారసత్వంగా ఉద్యోగం దక్కినా అది ఉపరితలం మీదే. 2019లోనే షరతులతో ఈ నిషేధాన్ని సడలించారు. చట్టంలో ఉన్న ఈ గీత వల్ల ఆధారం కోల్పోయిన ఇంట్లో కొడుకు మాటకు బలం ఎక్కువ, కూతురి మాటకు తక్కువ అయింది.

3. పొదుపు సంఘం

2000 అక్టోబరు 31న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానం చేసింది. శాంతి చర్చల్లోను, పునర్నిర్మాణంలోను స్త్రీలకు చోటుండాలన్నది దాని సారం. అదే సంవత్సరం ప్రపంచ బ్యాంకు రుణంతో 'వెలుగు' ఆరు జిల్లాల్లో మొదలైంది. వాటిలో ఆదిలాబాద్ ఒకటి. 2003లో కరీంనగర్ కూడా చేరింది. ఇది ఘర్షణ బాధితుల పథకం కాదు, పేదరిక నిర్మూలన పథకం. అయినా బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం, సంతకం స్త్రీల పేరున వచ్చాయి. వితంతువైనా, ఒంటరి స్త్రీ అయినా సంఘంలో తానే సభ్యురాలు, ఎవరి ఆశ్రితురాలూ కాదు. అయితే అప్పు తీర్చే భారం కూడా ఆమెదే. సంఘంలో సభ్యత్వం నిర్ణయాధికారంతో సమానమూ కాదు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నక్సలైట్ల తరఫున వచ్చిన ఐదుగురూ పురుషులే.

సారాంశం

సహాయం స్త్రీ పేరున రావాలి. ఆమె చేసిన పనికి రుజువు అడిగే పద్ధతి ఆమె జీవితానికి సరిపోవాలి. పంపకాన్ని నిర్ణయించే చోట ఆమె కూర్చోవాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా సమానత్వం కాగితం మీదే ఆగిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పింఛను నిబంధనలో సడలింపు ఉన్నా స్త్రీలకు కలిగిన ఇబ్బంది ఏమిటి?
2. మీ ప్రాంతంలో అమలవుతున్న ఒక సహాయ పథకాన్ని తీసుకొని, అందులో స్త్రీ లబ్ధిదారా, ఆశ్రితురాలా అన్నది పది వాక్యాల్లో రాయండి.