గోడ ప్లగ్గు నుంచి వైర్‌లెస్ సెట్టు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. డి.ఏ. గురించీ, పెన్షన్ లెక్కల గురించీ వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక పరీక్ష వ్రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తీసుకున్నవాణ్ణి. లాభాపేక్ష లేకుండా సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరదూరాలవారితో మాట్లాడేవారిని హ్యామ్‌లు అంటారు. కేంద్ర ప్రభుత్వ లైసెన్సు లేకుండా ఈ పని చేయరాదు. ఎక్కడికైనా మోసుకుపోగల ఆ సెట్టుకు ఇంట్లో కరెంటు అందించే పెట్టె కథ, దాన్ని ఎంచుకునే తీరు క్లుప్తంగా మనవి చేస్తాను.

వాల్వుల కాలంలో రేడియోకు రెండు రకాల కరెంటు కావలసి వచ్చేది. వాల్వు వేడెక్కడానికి కొద్ది వోల్టులు, పని చేయడానికి ఎక్కువ వోల్టులు. కరెంటు లేని ఊళ్లలో 90 వోల్టుల పెద్ద బ్యాటరీ కొనేవారు. కలకత్తాలో కొన్ని పేటలకు డి.సి. కరెంటు సరఫరా అయ్యేది. డి.సి. మీద ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ లేని ‘ఏ.సి./డి.సి.’ సెట్లు వచ్చాయి. వాటిలో గోడ ప్లగ్గు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికే కలిసేది. నాబ్ ఊడిన సెట్టు ముట్టుకుంటే షాకు కొట్టే ప్రమాదం ఉండేది. మనిషికీ గోడ కరెంటుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుగోడగా ఉండాలన్న పాఠం అప్పటిది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న సెట్లు హ్యామ్‌ల చేతికి వచ్చాయి. అమెరికా విమానాల్లో వాడిన బి.సి.348 రిసీవరు 28 వోల్టుల బ్యాటరీతో నడిచేది. అందులో డైనమోటార్ అనే చిన్న యంత్రం తిరుగుతూ ఎక్కువ వోల్టులు పుట్టించేది. హ్యామ్‌లు దాన్ని తీసేసి, ఆ స్థలంలోనే ఇంటి కరెంటుతో పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ బిగించుకునేవారు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక సెట్లు కారు బ్యాటరీ వోల్టేజికి దిగాయి. ఇప్పటి సెట్ల మీద 13.8 వోల్టులు అని ఉంటుంది. కారు బ్యాటరీలో 6 అరలుంటాయి. చార్జి నిండిన స్థితిలో నిలిపి ఉంచడానికి అరకు 2.3 వోల్టుల చొప్పున ఇస్తే మొత్తం 13.8. అంటే గోడ కరెంటుకైనా, బ్యాటరీకైనా సెట్టు ఒకే కొలత మీద పనిచేస్తుంది.

కొనేటప్పుడు ముందు ఆంపియర్లు చూడాలి. 5 వాట్ల చిన్న సెట్టు, ఉదాహరణకు యేసు కంపెనీ ఎఫ్.టి.817, మాట్లాడేటప్పుడు సుమారు 2 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి 3 ఆంపియర్ల పెట్టె చాలు. 100 వాట్ల సెట్టుకైతే 20 ఆంపియర్లకు పైన కావాలి. ట్రాన్సిస్టర్ రేడియోకు వాడే బ్యాటరీ ఎలిమినేటర్ ఈ బరువు మోయలేదు.

పెట్టెలు రెండు రకాలు. పాతరకం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ది. అది 230 వోల్టులను సుమారు 20కి దించి, ఏ.సి.ని డి.సి.గా మార్చి, రెగ్యులేటర్ ద్వారా 13.8 చేస్తుంది. మిగిలిన 6 వోల్టులూ వేడిగా పోతాయి. బరువెక్కువ గాని రేడియోలో రొద ఉండదు. అయితే పల్లెల్లో మోటార్లు నడిచే వేళ గోడ కరెంటు 180కి పడిపోతే ఆ 20 కాస్తా 15, 16 అవుతుంది. రెగ్యులేటర్‌కు వెసులుబాటు చాలక మాటలో గుంయి మనే మోత వస్తుంది. రెండో రకం ఎస్.ఎమ్.పి.ఎస్., మనుమల కంప్యూటర్లలో ఉండేటటువంటిది. తేలిక, ఎక్కువతక్కువ వోల్టేజిని తట్టుకుంటుంది. సెకనుకు వేలసార్లు కరెంటును ఆపి వదలడంతో నాసిరకమైతే రిసీవరులో బరబర శబ్దం పుడుతుంది. కొనేముందు సెట్టుకు తగిలించి, ఏ స్టేషనూ లేనిచోట ఒకసారి వినడం మంచిది.

పాతరకంలో రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్ చెడిపోతే ఆ 20 వోల్టులూ నేరుగా సెట్టులోకి పోతాయి. దీనికి రక్షణగా ‘క్రోబార్’ అనే ఏర్పాటు ఉంటుంది. క్రోబార్ అంటే గునపం. వోల్టేజి హద్దు దాటగానే తనకు తానే షార్టు చేసి, ఫ్యూజు పోగొట్టి, సెట్టును కాపాడుతుంది. అది లేని పెట్టె చౌకగా వచ్చినా వద్దు. మూడు కాళ్ల ప్లగ్గు, సరైన ఎర్త్ తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను సర్వీసులో కొత్త. తీగలన్నీ తెగిపోయి, ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన సంగతి బయటివారికి తెలియడానికే జాప్యమైంది. 2004 డిసెంబరు 26 సునామీ నాడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వంలో వెళ్లిన హ్యామ్‌లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుతో విశాఖలో కరెంటుతోపాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి.

అటువంటి నాడు గోడ ప్లగ్గులో ఏమీ ఉండదు. కనుక కరెంటు పోగానే బ్యాటరీకి దానంతటదే మారే ఏర్పాటున్న పెట్టెనే ఎంచుకోండి. పక్కన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జిలో ఉంచండి. లిథియం బ్యాటరీకైతే దాని చార్జరే వాడాలి. నెలకొకసారి ప్లగ్గు పీకి, సెట్టు బ్యాటరీ మీద పలుకుతున్నదో లేదో చూసుకోవాలి. మన మనుమలూ మనుమరాళ్లలో ఆసక్తి ఉన్నవారుంటే పరీక్షకు పంపండి. సెట్టు కొనిచ్చే తాతగారు బ్యాటరీ కూడా కలిపి కొనివ్వాలని నా మనవి.