ఊరుకోమన్నది ఎవరు?



మన సంఘంలో పెరిగిన ఒక తమ్ముడు ఏడాదిగా మియాపూర్‌లో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలడం లేదు. భయమేస్తోంది. ఇంకో ఆరు నెలలు చూడమంటారా?" అని అడిగాడు. "ఎందుకు నాయనా, ఇంటి మీద అప్పు పెరుగుతోంది. ఊరికి వచ్చెయ్" అన్నాను. ప్రార్థన చేయకుండానే అన్నాను.

ఆ రాత్రి నుంచి నాకు మనశ్శాంతి లేదు. చివరికి అతన్ని చూడడానికి మియాపూర్ వెళ్లాను. ఇద్దరం మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, ఆటోలో ట్యాంక్‌బండ్‌కు చేరాం. అక్కడ వరుసగా ఉన్న మహనీయుల విగ్రహాల్లో గుర్రం జాషువా గారి విగ్రహం ఒకటి. దాని ముందు నిలబడి అతనికి చెప్పిన చరిత్రే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

జాషువా గారు 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తల్లి మాదిగ కులస్థురాలు, తండ్రి యాదవ కులస్థుడు. పెరిగింది క్రైస్తవ ఇంట్లో. బడిలోనే అంటరానితనం ఎదురైంది. ఆ పిల్లవానికి ఒకటే కోరిక: తెలుగులో పద్యం రాయాలి. ఆ రోజుల్లో అది చిన్న కోరిక కాదు. సంస్కృత కావ్యాలు రావాలి, చెప్పే గురువు దొరకాలి. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు కాళిదాసు కావ్యాలు చెప్పారు. అయినా వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివినప్పుడు, ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు.

ఇక్కడ పాస్టరుగా నేను తల దించుకోవలసిన మాట ఒకటి ఉంది. పురాణాలు చదువుతున్నాడని మన క్రైస్తవ పెద్దలకు కూడా ఆయన నచ్చలేదు. సభ బయటికి పొమ్మంది, సంఘం దూరం పెట్టింది. రెండు తలుపులూ మూసుకున్నాయి.

ఆయన పద్యం మానలేదు. అలాగని పొట్టకూటి పనిని చిన్నచూపు చూడలేదు. 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పాఠాలు చెప్పారు. పగలు ఉద్యోగం, మిగిలిన వేళ కావ్యం.

1941లో 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, గుడిలోకి వెళ్లగలిగే గబ్బిలంతో శివునికి తన గోడు చెప్పి పంపుతాడు. అవమానం జరిగిన చోటునుంచే ఆ కావ్యం పుట్టింది. తర్వాత ఒక సభలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారంతటి మహాకవి తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఏ పుస్తకానికో తెలుసా? 'క్రీస్తు చరిత్ర'కు. మనం దూరం పెట్టిన వాడే మన ప్రభువు కథను తెలుగు పద్యంలో నిలబెట్టాడు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. మరుసటి ఏడు జులై 24న ఆయన కన్నుమూశారు.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి గుర్తున్నాడా? గుడ్డివాడు కేకవేస్తే ఊరుకోమని గద్దించినవారు యేసుకు శత్రువులు కారు, ఆయనతో కలిసి నడుస్తున్నవారే. కానీ యేసు ఆగాడు. అతన్ని పిలిపించి, ఏం కావాలని అడిగాడు.

ప్రియులారా, ఆ ఫోన్‌లో నేను గుంపులో ఒకడినయ్యాను. ప్రభువు ఆగి అడిగే ప్రశ్న నేను అడగలేదు. ట్యాంక్‌బండ్ మీద ఆ తమ్మునికి క్షమాపణ చెప్పి, ఆ ప్రశ్న అడిగాను. "ఉద్యోగం రావాలి అయ్యగారూ. అప్పు నేనే తీర్చాలి" అన్నాడు.

కలగన్న ప్రతిదీ నెరవేరుతుందని నేను బోధించను. జాషువా గారికి కూడా సభలో అవమానం నుంచి 'గబ్బిలం' వరకు ఎన్నో ఏళ్లు పట్టింది. అప్పు కూడా నిజమే. అందుకే ఆ తమ్ముడు సాయంత్రాలు ఒక షాపులో పనికి కుదిరాడు. ఆరు నెలల హాస్టల్ ఫీజులో సగం సంఘం భరించడానికి మన పెద్దలు ఒప్పుకున్నారు.

జాషువా అంటే మన బైబిల్లో యెహోషువ. భయపడవద్దని దేవుడు ధైర్యం చెప్పింది ఆ పేరుగల వానికే. యౌవనస్థులారా, మీ ఆశను ముందు దేవుని దగ్గర పెట్టండి. ఆయన వద్దంటే మానండి, మనుషులు నవ్వారని మాత్రం మానకండి. పెద్దలారా, ఈ వారం మీ బిడ్డ ఏదైనా ఆశ చెబితే, వద్దనే ముందు ఒక్కసారి ప్రార్థన చేయండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.